పేరు లేని క్రీము

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా దాని ముఖానికి ఆ క్రీము కొన్నది నేనే. అది అడగలేదు. ఒక పెళ్లిలో మా బంధువొకావిడ "పిల్ల కళగా ఉంది, కాస్త రంగు తక్కువైంది గానీ" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మచిలీపట్నంలో మా వీధి చివర గాజులూ రిబ్బన్లూ అమ్మే ఫ్యాన్సీ షాపు ఉంది. అక్కడావిడ ఒక చిన్న గుండ్రటి డబ్బా తీసి ఇచ్చింది. "బయటి దేశం నుంచి వస్తుందండీ. పదిహేను రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది" అంది. మూత మీద నాకు తెలియని లిపిలో ఏదో ఉంది. ఎవరు తయారుచేశారో, ఏం కలిపారో ఎక్కడా లేదు. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఏది కొన్నా వెనక్కి తిప్పి చదవమని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ రోజు నేనూ తిప్పి చూశాను. ఏమీ రాసి లేదని తెలిసి కూడా సంచిలో వేసుకున్నాను.

మూడు వారాల్లో దాని ముఖం నిజంగానే తెల్లబడింది. మెడ మాత్రం మునుపటి రంగులోనే ఉంది. స్టాఫ్ రూములో దాని ఫోటో చూసి అందరూ అడుగుతుంటే నాకు గర్వంగా ఉండేది. అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్లో ఉన్న మా చెల్లెలు ఫోటో చూసి, "అక్కా, నాకూ ఒకటి పంపవే" అంది. అప్పటికి తనకు మూడో నెల. ఒకటి కాదు, రెండు పంపాను.

కొన్నాళ్లకు అమ్మాయి పొద్దున్నే లేచేసరికి కళ్ల కింద ఉబ్బి ఉండేది. ఫోను ఎక్కువ చూస్తున్నావని కసిరాను. తర్వాత పాదాలు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడేది కాదు. ఒకరోజు బాత్రూంలోంచి వచ్చి, "అమ్మా, సబ్బునీళ్లలాగా నురగ వస్తోంది" అని నెమ్మదిగా చెప్పింది. మా వీధి డాక్టరు మూత్రపరీక్ష చేయించి, మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నాడు. గుడివాడలో ఉన్న కిడ్నీ డాక్టరుగారికి ఉత్తరం రాసిచ్చి, ఆలస్యం చెయ్యొద్దన్నాడు.

మావారు పని మీద విశాఖపట్నంలో ఉన్నారు. మర్నాడు పొద్దున్నే మేమిద్దరమే గుడివాడ బస్సెక్కాం.

ఆ డాక్టరుగారు పెద్దావిడ. రిపోర్టు పక్కన పెట్టి అమ్మాయి ముఖం చూసింది, తర్వాత మెడ చూసింది.

"ముఖానికి ఏం రాస్తున్నావమ్మా?"

"ఏం లేదండీ, మామూలు పౌడరే" అన్నాను నేను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ప్రశ్న వినగానే నాకు విషయం అర్థమైపోయింది. అర్థమైంది కాబట్టే అబద్ధం చెప్పానేమో. అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"క్రీము రాస్తున్నానండీ. నాలుగు నెలలైంది. అమ్మే తెచ్చింది" అంది.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. "ఇలాంటి వాటిలో కొన్నింట్లో పాదరసం కలుపుతారమ్మా. చర్మంలోంచి లోపలికి పోయి కిడ్నీలని పాడుచేస్తుంది. రక్తం పరీక్షకి పంపుదాం, అదే అయ్యుంటుందని నా అనుమానం. ఇవాళ్టి నుంచి అది ముట్టుకోవద్దు. డబ్బా చెత్తలో పారెయ్యకుండా కవర్లో కట్టి నాకు తెచ్చివ్వండి." రాస్తూ రాస్తూ తలెత్తి అడిగింది. "ఇంకెవరికైనా ఇచ్చారా?"

"మా చెల్లెలికండీ. ఇప్పుడు ఏడో నెల."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "వెంటనే ఆపమనండి. రేపే తీసుకురండి."

బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేశాను. రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. ఐదుసార్లు చేశాను. వాళ్లాయన ఫోను స్విచ్చాఫ్. అమ్మాయిని ఇంటికి పంపి నేనొక్కదాన్నే వెళ్తానంటే అది ఒప్పుకోలేదు. "నేనూ వస్తాను. నా ముఖం చూస్తేనే పిన్ని నమ్ముతుంది" అంది. పామర్రులో బస్సు మారాం. చల్లపల్లి దాకా సీటు దొరకలేదు. వాచిన కాళ్లతో అది నిలబడి ఉంటే, ఎవరినైనా లేవమని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. చివరికి ఒక ముస్లిం పెద్దావిడ దాని పాదాలు చూసి, తనే జరిగి పక్కన కూర్చోబెట్టుకుంది.

మేం వెళ్లేసరికి చెల్లెలు వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ముఖం పాలిపోయినట్టు తెల్లగా ఉంది. పాదాలు చూశాను. చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి.

"ఫోన్ ఎత్తవేంటే?"

"లోపల ఛార్జింగులో ఉందక్కా. ఏమైంది?"

చెప్పాను. వింటూనే లోపలికి చూసి గొంతు తగ్గించింది. "నెమ్మదిగా మాట్లాడు. మా అత్తయ్యకి తెలీదు. కడుపుతో ఉండి ఈ సోకులేంటంటుంది. కాళ్లవాపులు అందరికీ వచ్చేవేగా?"

"అందరికీ వచ్చేవో కావో రేపు డాక్టరుగారు చెప్తారు."

వాళ్లత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఇక దాచే ఓపిక నాకు లేదు. "అత్తయ్యగారూ, తప్పు నాది. తనని ఏమీ అనకండి" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ గుమ్మం పట్టుకుని అంతా వింది. చెల్లెలి వైపు తిరిగి, "రెండో డబ్బా ఏమైందని వెతికావుగా. నా దగ్గరుంది. బుగ్గల మీద మంగు మచ్చలు పోతాయేమోనని" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడే లోపలికెళ్లి రెండు డబ్బాలూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

మర్నాడు నలుగురం గుడివాడలో ఉన్నాం. రక్తం శాంపిళ్లు వేరే ఊరి ల్యాబుకి వెళ్లాయి. జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. క్రీము అంటి ఉంటుందని అమ్మాయి వాడిన తువ్వాళ్లు, దిండు గలీబులు తీసి కవర్లో కట్టేశాను. అమ్మాయి నాతో మామూలుగానే మాట్లాడేది. అదే నాకు కష్టంగా ఉండేది. ఒకసారి మాత్రం, అన్నం తింటూ తింటూ, "డాక్టరుగారి దగ్గర ఎందుకలా చెప్పావమ్మా? నేనూ ఊరుకుని ఉంటే?" అంది.

ముగ్గురి రక్తంలోనూ పాదరసం ఉంది. వాళ్లత్తగారికి కొద్దిగానే. చెల్లెలికి మూత్రంలో ప్రొటీన్ పోతోంది గానీ తొందరగా పట్టుకున్నామన్నారు. కాన్పు దాకా వారం వారం పరీక్షలే. ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువగా. ఇప్పుడు పాకుతోంది. డాక్టర్లు ఫర్వాలేదంటున్నారు. మా చెల్లెలు మాత్రం ఆ పిల్ల ఏది నేర్చుకోవడంలో కాస్త ఆలస్యం చేసినా నాకు ఫోన్ చేస్తుంది.

అమ్మాయికి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశారు. ఏడాదిపాటు మందులు, ఉప్పు తగ్గించిన తిండి. ఒక సెమిస్టర్ పోయింది. వాపు దిగింది, ప్రొటీన్ చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఫ్యాన్సీ షాపుకి రిపోర్టు పట్టుకుని వెళ్లాను. ఆవిడ చదివి, మిగిలిన డబ్బాలు తీసేసింది. ఎక్కడినుంచి వస్తాయో తనకీ తెలియదంది. నమ్మాను, ఎందుకంటే ఆవిడ ముఖం కూడా మెడ కన్నా తెల్లగానే ఉంది. పరీక్ష చేయించుకోమన్నాను. చేయించుకుందో లేదో తెలియదు.

పోయిన నెల మా అమ్మాయి పరీక్షకి నన్ను రావద్దని, ఒక్కతే గుడివాడ వెళ్లొచ్చింది. రిపోర్టు నా చేతికివ్వకుండా ముందు తనే పూర్తిగా చదువుకుని, ఆ తర్వాత బల్ల మీద పెట్టింది.