పగ్గాలు పట్టిన చేయి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో, ఎర్రగుంట్ల అవతలి గుట్ట మీద మాకు గ్లైడరు నడపడం నేర్పారు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మాది మరీ బీద సరుకు. రెండు రెక్కలు, మధ్యన ఒక పలక, దాని మీద కూర్చునేవాడు ఒక్కడే. పక్కనుండి చెయ్యి పట్టి నేర్పేవాడు లేడు. గ్లైడరు ముక్కుకు తగిలించిన రబ్బరు తాడును అటు నలుగురు, ఇటు నలుగురు పట్టి వాలు వెంట పరుగెత్తితే ఉండేలు దెబ్బలా గాల్లోకి లేచేది.

మా శిక్షకుడు సైన్యంలో పనిచేసి వచ్చిన కర్నూలు సాయిబు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. నాతో ఆయనకు ఒకటే తంటా. చిన్నప్పటి నుంచి బండి తోలినవాణ్ణి, ఎద్దులు బెదిరితే పగ్గాలు వెనక్కి గుంజడం నా చేతులకు అలవాటు. గ్లైడరులో పగ్గాలకు బదులు ఒక కర్ర ఉంటుంది. దాన్ని గుంజితే ముక్కు పైకి లేచి వేగం చచ్చిపోతుంది. ఆ తర్వాత పడడమే. బండ్లు తోలిన మా అందరిదీ అదే జబ్బు. పట్నం పిల్లలకు అది లేదు, అందుకే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ పొద్దున సాయిబు తేల్చేశాడు.

"భయమేస్తే గుంజొద్దప్పా, ముందుకు తొయ్యి! ఎన్నిసార్లు చెప్పల్ల? ఈ పొద్దు గూడా గుంజినావంటే సాయంత్రం రైలుకు ఇంటికి పో. నీ శవాన్ని మీ నాయన ముందర నేను దించలేను."

ఇంటికి పోతే మళ్ళీ ఆ బీడే, ఆ ఎద్దులే. నాకు అన్నం కన్నా ఎగరడమే కావాలి.

తాడు వదిలారు. నేల జారిపోయింది. గుట్ట కింది చేను చివరి నాపరాళ్ళ గోడ ఎదురొస్తోంది. అంతే, చేతులు గుంజేశాయి. ముక్కు ఆకాశానికి లేచింది. చెవుల్లో గాలి హోరు ఆగిపోయింది, కర్ర వదులైంది. ఆ నిశ్శబ్దంలో కింది నుంచి సాయిబు గొంతు స్పష్టంగా వినిపించింది.

"తొయ్యిరా, తొయ్యి!"

ఏ నేల మీద పడతానని హడలిపోతున్నానో ఆ నేల వైపే తొయ్యాలి. కళ్ళు మూసుకుని తోశాను. గాలి మళ్ళీ హోరుమంది. కళ్ళు తెరిచేసరికి నేల ముంచుకొస్తోంది. అప్పుడు మెల్లగా, నేర్పినంత మెల్లగా, కర్రను వెనక్కి తెచ్చాను. గ్లైడరు అడుగున ఉన్న బల్ల ముళ్ళకంపను గీసుకుంటూ పోయి గోడకు ఇవతల ఆగింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు.

"గుంజినావు. చూసినా," అన్నాడు సాయిబు రొప్పుతూ. "మళ్ళా తోసినావు. అదీ చూసినా. దిగు."

నేను దిగలేదు. చేతులు కర్రను వదలడం లేదు. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, వెనక్కి తిరిగి కేకేశాడు.

"వీడు దిగనంటాండాడు! శానా మొండోడు. గుట్ట మీదికి ఈడ్చండప్పా, మళ్ళా ఎగరేద్దాం!"

నేను దిగనని అననేలేదు. ఇంటికి పోయే రైలు తప్పిందన్న సంతోషమూ, మళ్ళీ ఎగరాలన్న భయమూ ఒక్కసారే పొంగాయి. వాళ్ళు నన్ను అలాగే కూర్చోబెట్టి గ్లైడరును ఈడ్చుకుపోతుంటే, గుట్ట పైకి చేరేదాకా భోరున ఏడ్చాను.