మా హాల్టుని మూయించింది నేనే

మా చిన్నప్పుడు... టెక్కలి వెళ్లే చిన్న రైలు మా ఊరి మలుపు దగ్గర ఎంత నెమ్మదించేదంటే, పరుగెత్తి ఎక్కేసి, కొంత దూరం పోయి దూకి, నడిచి ఇంటికి వచ్చేసేవాళ్లం. టిక్కెట్టు అడిగినవాడు లేడు, కొన్నవాడూ లేడు.

మా హాల్టు అంటే ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు బల్ల, ఊరి పేరున్న బోర్డు... అంతే.

పెద్దయినా మా బుద్ధి మారలేదు. మా అప్ప, అంటే నా పెద్దక్క, సంత రోజున వంకాయల తట్టతో ఆ రైల్లోనే టెక్కలి వెళ్లేది. మొగుడు పోయిన మనిషి... ఆ తట్టే ఆవిడ బతుకు. గార్డు దిగి మరీ తట్ట అందుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక, ఈ లైను తీసి పెద్దది వేస్తారన్నారు. ఒక ఆఫీసరు వచ్చి మా హాల్టులో ఎవరెక్కుతారో చూస్తాడని కబురొచ్చింది. టిక్కెట్ల చెకింగే అని నేను తేల్చేశాను. ఊళ్లో నా మాటకి ఎదురు లేదు అప్పట్లో. ఆ రోజు రైలెక్కాల్సిన అందర్నీ పక్కనున్న జీడితోటలోకి తోలేశాను.

అప్ప మాత్రం మొరాయించింది.

"ఒరే తమ్ముడా, నాను టిక్కెట్టు తీత్తాన్రా. ఒక్కపాలి తీత్తే అరిగిపోతానేటి?"

"నువ్వు తీత్తే మిగతావోల్లు దొరికిపోతారు. కూకో అప్పా."

చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను. తట్ట కూడా ఆకుల్లో దాచాను.

రైలు వచ్చింది. ఆఫీసరు ఒక్కడే నిలబడ్డాడు. గార్డు తోట వైపు చూసి విజిల్ ఊదాడు... మళ్లీ ఊదాడు... చెయ్యి కూడా ఊపాడు.

"ఎర ఏత్తన్నాడు, కదలకండి" అన్నాను.

రైలు వెళ్లిపోయింది. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు.

పెద్ద లైను పడింది. మా హాల్టు లేదు. టెక్కలిలో ఆ గార్డు కనిపిస్తే నిలదీశాను.

"రమ్మనే కదా మావా పిలిసినాను... పదిమంది నిలబడితే సాలును, హాల్టు ఉంచేద్దురు" అన్నాడు.

బస్సులో తట్ట ఎక్కనివ్వలేదు. అప్ప నెత్తిన పెట్టుకుని నడిచింది... మోకాళ్లు పోయేదాకా నడిచింది. తర్వాత అరుగు మీదే కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. రైలు కూత వినిపిస్తే మాత్రం నా వైపు చూసి నవ్వేది.

"రైలొచ్చింది తమ్ముడా... దాక్కో."

అప్ప పోయి మూడేళ్లు. షెడ్డు లేదు, బోర్డు లేదు, బల్ల ఒకటి మిగిలింది. సాయంత్రం రైలు వేళకి వెళ్లి దాని పక్కన నిలబడతాను, అందరికీ కనిపించేలా. అది ఆగదు... నాకు తెలుసు.

మీ ఊళ్లోనూ ఇలా మూసేసిన స్టేషన్ ఉంటే దాని పేరు కింద రాయండి. బోర్డు పోయినా పేరు ఇక్కడైనా ఉంటుంది.