బ్రేకొస్తే చేతులు గాల్లో

ఫంక్షన్ హాళ్ల వాళ్లందరూ ఆమెను కీబోర్డక్క అనే పిలుస్తారు. వయసు నలభై ఒకటి, అందులో ముప్పై మూడేళ్లు మీటల ముందే గడిచిపోయాయి. ఎడమచేతి చివరి రెండు వేళ్లు మాత్రం ఇప్పుడు వంగవు. వాటిని విరగ్గొట్టింది పరాయివాడు కాదు, సొంత అన్నయ్య. బ్యాండు అతనిదే, డ్రమ్ములు వాయించేదీ అతనే. అందరూ ఉరుము అంటారు. ఆ పేరు డ్రమ్ములను చూసి పెట్టారో, నోటిని చూసి పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు తాళం నేర్పింది అతనే. నేర్పడమంటే ఏం నేర్పడమండీ, చెల్లెలి వీపే అతని డ్రమ్ము. ఎక్కడ తప్పితే అక్కడ ఒకటి అంటించేవాడు. ఎక్కువ దెబ్బలు పడింది బ్రేక్ దగ్గర. పాట మధ్యలో తాళం టక్కున ఆగి, మళ్లీ అందుకునే చోటు ఉంటుంది చూడండి, దాన్నే వాళ్లు బ్రేక్ అంటారు. అక్కడ చిన్న చప్పుడు చేసినా చెవి మెలిపెట్టేవాడు.

"బ్రేకొస్తే చేతులు గాల్లో ఉండాలి. ఇల్లు తగలబడిపోతున్నా సరే, గాల్లోనే ఉండాలి!"

అతనికైతే అది ఒంటికి పట్టిపోయింది. అన్నం తింటున్నప్పుడు రేడియోలో తాళం ఆగితే, చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. మళ్లీ తాళం అందుకున్నాకే నోట్లోకి వెళ్లేది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఇక గొడవంతా అరేంజర్ కీబోర్డుతో వచ్చింది. ఎడమచేత్తో కార్డ్, అంటే మూడు నాలుగు మీటలు ఒకేసారి, పట్టుకుంటే చాలు, డ్రమ్ములు, బేస్ గిటారు అన్నీ అదే వాయించేస్తుంది. డ్రమ్ము వాయించేవాడికి అది సవతి కిందే లెక్క. అందుకే చాలా బ్యాండుల్లో ఆ తాళం బటన్ల మీద నల్ల టేపు అంటించేస్తారు. ఉరుము కూడా అంటించాడు. "టేపు ముట్టుకున్నావో, చెయ్యి తీసేస్తా" అన్నాడు. అతను అన్నమాట మీద నిలబడే మనిషి, ఆ ఒక్క మంచి గుణం ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం పుట్టినరోజు ఫంక్షన్. ఉరుము రెండు గంటలైనా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పిలిచినాయన స్టేజీ కిందికొచ్చి, "మీరు వాయించడానికి వచ్చారా, భోజనాలకొచ్చారా?" అని అందరి ముందూ కడిగేశాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. టేపు పీకేసింది. ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంది. డ్రమ్ములు మోగాయి. నాలుగో పాటకు హాలంతా లేచి గెంతుతోంది.

అప్పుడొచ్చాడు ఉరుము. వెంటనే స్టేజీ ఎక్కలేదు. ఒక పాట మొత్తం గుమ్మంలోనే నిలబడ్డాడు. డ్రమ్మర్ ఏడీ అని ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాడు. ఎవరూ అడగలేదు. పాట అయ్యాక వచ్చి, డ్రమ్ముల పక్కన ఇత్తడి తాళాలు తగిలించే ఇనుప స్టాండు పీకి కీబోర్డు మీద వేశాడు. ఆమె పిచ్చిది, పసిపిల్లకు అడ్డం పెట్టినట్టు ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. రెండో దెబ్బ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మైకులోంచి హాలంతా వినిపించింది. మూడో దెబ్బ కూడా అక్కడే వేశాడు.

ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చుని, "అన్నే కదే, కోపంలో కొట్టుంటాడు" అంది.

"మూడుసార్లు కొట్టాడమ్మా. మొదటిది కోపమనుకుందాం. మిగతా రెండూ?"



ఆరునెలలు ఆమె ఇంట్లోనే ఉంది. వారం వారం ఉరుము కబురు పంపేవాడు, వచ్చి మళ్లీ బ్యాండులో వాయించమని, టేపు మాత్రం తప్పదని. ఇంతలో ఒక ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం రిటైర్మెంటు విందు, చిన్న హాలు. "ఒక్కరే వాయించగలరా?" అని అడిగారు. వాయిస్తానంది. అది నిలబెట్టుకుంటే అన్నయ్య గుమ్మం ఇక తొక్కనక్కర్లేదు. నిలబెట్టుకోలేకపోతే మళ్లీ ఆ స్టాండు పక్కనే కూర్చోవాలి. అందుకే శుక్రవారం పొద్దున్నే సొంతంగా కీబోర్డు కొనుక్కోవడానికి షాపుకు వెళ్లింది.

షాపాయన ముందు డిజిటల్ పియానో చూపించాడు. ఎనభై ఎనిమిది మీటలు, వేలు పెడితే బరువుగా, నిండుగా దిగుతాయి. కుడిచేత్తో నాలుగు స్వరాలు వాయించేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమచెయ్యి పెట్టింది. బరువు మీటల మీద ఆ రెండు వేళ్లూ కర్రపుల్లల్లా జారిపోయాయి, నొప్పి మోచేతిదాకా పాకింది. పియానోను చంకన ఎత్తుకుని చూసింది. పదకొండు కిలోలు. స్టాండు వేరు, స్పీకరు వేరు. మేడమీది హాళ్లకు ఒక్కతే ఎలా మోస్తుంది?

"ఏడు కిలోల్లో, స్పీకర్లు అందులోనే ఉండే అరేంజర్ చూపించండి."

తెచ్చాడు. అరవై ఒక్క మీటలు, తేలిక. ఎత్తుకుని గుమ్మం దాకా రెండుసార్లు నడిచింది. తర్వాత ఒంటివేలి కార్డ్ పెట్టుకుంది. ఒక్క మీట నొక్కితే మొత్తం కార్డ్ అదే పట్టుకుంటుంది. అలా వాయించేవాళ్లను చూసి ఒకప్పుడు ఆమె మూతి విరిచేది. ఇప్పుడు ఆ సిగ్గంతా మింగేసి, డ్రమ్ముల తాళం మొదలుపెట్టింది. బ్రేక్ బటన్ ఎక్కడుందో తడిమింది. సరిగ్గా ఎడమ బొటనవేలి కిందే ఉంది. కళ్లు మూసుకుని పదిసార్లు నొక్కి చూసుకుంది.

"అమ్మా, మరోలా అనుకోకండి. బ్యాండు సామాను కదా, మీ అన్నయ్యగారికి ఒక మాట చెప్పడం మర్యాదని ఫోన్ చేశాను" అన్నాడు షాపాయన.

"ఎంత పని చేశారండీ!"

ఆ మాట పూర్తయ్యేలోపే అద్దాల తలుపు భళ్లున తెరుచుకుంది.

"టేపు లేని పెట్టె కొంటున్నావా? నన్ను చంపేసి వాయించుకుంటావా?"

"నిన్ను చంపక్కర్లేదు అన్నయ్యా. నువ్వు లేకపోయినా జనం గెంతారు. అదేగా నీ ఏడుపు!"

అంతే. జుట్టు పట్టి లాగి, ఆమె నడుమును కీబోర్డుకు అదిమి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. అడ్డం వచ్చిన షాపాయనకు మోచేత్తో ఒక్కటిచ్చాడు. పన్ను ఊడి గచ్చు మీద పడింది. ఆమె అతని మొహం రక్కింది, గోళ్లల్లోకి నెత్తురొచ్చింది, అయినా పట్టు సడలలేదు. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. వెనక కీబోర్డులో డ్రమ్ములు మాత్రం తమ మానాన తాము మోగుతూనే ఉన్నాయి. అప్పుడు తెలిసిందామెకు. గొంతు మీద అతని బొటనవేళ్లు ఆ తాళానికే నొక్కుతున్నాయి. చంపేటప్పుడు కూడా తాళం తప్పడం లేదు ఈ మనిషి!

ఎడమచెయ్యి వెనక్కి పెట్టింది. వంగని వేళ్లు మీటలకు తగిలి ఏదో గోల చేశాయి. బొటనవేలికి మాత్రం దారి తెలుసు. బ్రేక్ నొక్కింది.

తాళం ఆగింది. ఉరుము చేతులు గాల్లోకి లేచాయి.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తన చేతులు ఎందుకు లేచాయో అతనికే అర్థం కాలేదు. తాళం మళ్లీ అందుకునేలోపు ఆమె పక్కనున్న ఇనుప స్టాండు అందుకుంది. మొదటిది మోకాలి మీద కొట్టింది. అతను కుప్పకూలాడు. రెండోది దవడ మీద. నోట్లోంచి నెత్తురు కారుతుంటే నేల మీద బోర్లా పడ్డాడు. కుడిచెయ్యి ఆమె పాదాల దగ్గరే, అయిదు వేళ్లూ పరుచుకుని ఉంది. ఆమె స్టాండు పైకెత్తింది. ఆ వేళ్ల మీద మూడోది వెయ్యాలని ఎంత కోరిక పుట్టిందో! ఎత్తింది ఎత్తినట్టే పక్కన పడేసింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇదే తీసుకుంటాను" అంది షాపాయనతో. ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే తల ఊపాడు.

పోలీసులు వచ్చారు, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రం అమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"అన్నను కొట్టావటే?"

"రెండే కొట్టానమ్మా."

ఆదివారం మధ్యాహ్నం, మెడ మీద కమిలిన మచ్చలు కనపడకుండా చున్నీ చుట్టుకుని, ఏడు కిలోలు తానే మోసుకుని రెండంతస్తులు ఎక్కింది. ఒక్కతే గంటన్నర వాయించింది. రిటైరైన పెద్దాయన కూడా లేచి రెండడుగులు వేశాడు. మూడో పాటలో బ్రేక్ వచ్చినప్పుడు ఆమె చేతులు రెండూ వాటంతటవే గాల్లోకి లేచాయి. అదేదో స్టైలనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది. దించేద్దామనుకుంది, చేతులు మాట వినలేదు. తాళం అందుకునేదాకా అలా గాల్లోనే ఉన్నాయి.