పైకి రాని మనిషి చివరి అధ్యాయం

నిన్న కాటారం నుంచి ఓ కొత్త రచయిత్రి ఫోన్ చేసి, "అన్నా, చివరి అధ్యాయం తీసేయమంటున్నరు, తీసేద్దునా?" అని అడిగింది. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడి ఒప్పించడం నా వృత్తి. జనగామలో ఏజెంటునని చెబితే, బీమా కట్టమంటానేమోనని చుట్టాలు చెప్పులు వెతుక్కుంటారు. గ్రహాంతరవాసుల కథలు అమ్ముతానంటే జాలిపడి కూర్చోబెట్టి చాయ్ పోస్తారు. ఆ అమ్మాయికి ఏదో జోకు చెప్పబోయి ఆగిపోయాను. భూపాలపల్లి గుర్తొచ్చింది.

నా మొదటి రచయిత మా పెద్దబాపు. అక్కడి బొగ్గుబాయి దీపాల గదిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ దీపం ఇచ్చి, అతని నంబరున్న ఇత్తడి బిళ్లను మేకుకు తగిలించడం, పైకొచ్చాక బిళ్ల తిరిగివ్వడం ఆయన పని. ఒక్క బిళ్ల మిగిలినా గదికి తాళం వేయకూడదు. ఒకసారి ఆయన దోస్తు బిళ్ల మిగిలిపోయింది. మనిషి దొరకలేదు. కొన్నాళ్లకు ఆ బాయే మూతపడింది. తాళం వేరెవరో వేశారు.

రిటైరయ్యాక పెద్దబాపు నవల రాశాడు. బాయి అట్టడుగున కాలం నెమ్మదిగా నడుస్తుంది. దిగినవాడికి ఒక్క షిఫ్టు గడిచేలోపు పైన ముప్పై ఏళ్లు. చివరి అధ్యాయంలో అతను నెరవని జుట్టుతో పైకొస్తాడు. రాసిందల్లా వారం వారం దోస్తు భార్యకు చదివి వినిపించేవాడు. ప్రచురణకర్తేమో ఆ అధ్యాయం వద్దన్నాడు. మనిషి లోపలే ఉండిపోతే భయం బాగా పండుతుందట. నాకది మొదటి ఒప్పందం. పెద్దబాపును అడక్కుండానే సరేనన్నాను. ఆ అధ్యాయం లేని ప్రూఫు నేరుగా ఆయనకే వెళ్లింది.

మర్నాడు పెద్దమ్మ ఫోన్. "మీ పెద్దబాపు డ్యూటీకి పోతున్న అని పొద్దుగాల పోయిండు రా!" డ్యూటీ ఉన్నప్పుడు కూడా పోనివాళ్లను చాలామందిని చూశాను, రిటైరయ్యాక పోయినవాడు ఈయనొక్కడే.

నేను వెళ్లేసరికి మూతపడ్డ బాయి గేటు ముందు, మిట్టమధ్యాహ్నం, ఇద్దరు కూర్చుని ఉన్నారు. పెద్దబాపు, ఆయన దోస్తు భార్య. ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా. పొద్దున తెచ్చిందట; పట్టుకుంటే ఇంకా వేడిగానే ఉంది. ఎండకే అనుకున్నాను.

"పా పెద్దబాపు, ఇంటికి పోదాం. అది వట్టి కథనే గదా," అన్నాను.

"లెక్క తప్పింది రా. దిగినోడు ఎక్కకుంటె నేనెట్ల పోత?"

ఆమె నా వైపు తిరిగి, ఊరి కబురు అడిగినట్టు అడిగింది: "నువ్వేనా బిడ్డా, ఆయన్ని లోపల్నే ఉంచుమన్నది?"

కథల్లో గ్రహాలకు గ్రహాలే పేలిపోతాయి. ఎవరి పెండ్లామూ వచ్చి ఇట్లా అడగదు. అక్కడి నుంచే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను: ఆ అధ్యాయం లేకుంటే పుస్తకమే లేదని. అయితే వద్దులెమ్మన్నాడు. నా మొదటి ఒప్పందం అక్కడే ఖతం. ఫోనులో ఉన్న అసలు ప్రతి తెరిచి, చివరి అధ్యాయం గట్టిగా చదివాను. అతను పైకొచ్చి, వెలుతురుకు కళ్లు చికిలించి, ఆకలైతుందన్నాడు.

ఆమె లేచింది. "నడువు, బువ్వ చల్లారుతది," అంది. నాతో కాదు. పెద్దబాపుతోనూ కాదు. సన్నటి బాటలో పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నడిచింది. పెద్దబాపు ఆ జాగా తొక్కకుండా వెనకే పోయాడు. నాకు నవ్వొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. తుమ్మకంపలోకి జరిగి దారిచ్చాను.

కాటారం అమ్మాయికి తీసెయ్యొద్దనే చెప్పాను. కాలం అందరికీ ఒకే వేగంతో నడుస్తుందన్నవాళ్లెవరో గానీ, బాయి గేటు ముందు ఎవరికోసమూ కూర్చుని ఉండరు.