మొనలు పట్టుకున్న చేతులు

మా ఆయన ఇరవై ఏళ్లుగా రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తున్నారు. ఆయనకి ఎవరి పనీ నచ్చదు. ఎవరైనా టంకం కాస్త ఎక్కువ పెట్టినా ఎంగిలి పళ్లెం చూసినట్టు మొహం తిప్పుకుంటారు. ఆ మొహం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన షాపులోనే పనిచేసే మా తమ్ముడు నిన్న డబ్బా నిండా రెసిస్టర్లు ఇంటికి తెచ్చాడు. "అన్నీ పోయాయి బావా. ఒక్కటీ సరైన విలువ చూపించట్లేదు, పారేస్తున్నా," అన్నాడు.

"ఏదీ, నా ముందు కొలువు."

వాడు ఒక రెసిస్టరు తీసి, దాని రెండు తీగలకీ మీటరు మొనలు ఆనించి, రెండు చేతుల వేళ్లతో గట్టిగా నొక్కిపట్టాడు. పది లక్షల ఓములు చూపాల్సిన మీటరు ఆరు లక్షలే చూపించింది.

"ఛీ! చెమట చేతులతో మొనలు పట్టుకుంటే కరెంటు నీ ఒంట్లోంచి కూడా పోతుందిరా. దాంతో కలిపి నిన్ను నువ్వే కొలుచుకుంటున్నావు! బల్లమీద పెట్టి, ప్లాస్టిక్ పిడి పట్టుకుని చూడు. ఈ దిక్కుమాలిన పద్ధతి ఎవడు నేర్పాడు నీకు?"

తమ్ముడు అలాగే కొలిచాడు. పది లక్షలు! ఎవడు నేర్పాడన్నదానికి మాత్రం తలెత్తి గోడకేసి చూశాడు.

షాపు తెరిచిన రోజు నేను తీసిన ఫోటో అక్కడుంది. అందులో మా ఆయన రెండు మొనల్నీ వేళ్లతో నొక్కిపట్టి, మీటరుకేసి గర్వంగా చూస్తున్నారు.

నేను లేచి, ఇంకాస్త బాగా కనబడాలని, ఫోటో అద్దం మీద దుమ్ము తుడిచాను.