లలల మామయ్య

మామయ్యకు లోకంలో అన్నీ గుర్తుంటాయి, పాటలో అసలైన మాట ఒక్కటి తప్ప. సరిగ్గా అది రావలసిన చోట కళ్లు తేలేసి "లలల్లా" అంటాడు. అందుకే ఊరంతా ఆయన్ని లలల మామయ్య అంటుంది.

ఆయన దర్జీ. వీధిలో అందరి కొలతలూ నోటికే. శనివారం సాయంత్రం కుట్టుమిషను మూలకు నెట్టి, మైకు పెట్టి, కీబోర్డు వాయించే మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఊరి పెద్దల మీద పాటలు దంచేవాడు. వాటిని రాసేది మేనకోడలు. ఆ సంగతి వాళ్లిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఇంకేమన్నా ఉందా! ఆమె టైపిస్టుగా పనిచేసేది మునిసిపల్ చైర్మన్ గదిలోనే. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే.

మేడ పాటను ఆమె చచ్చీచెడీ రాసింది:

"కంకరంతా ఎటుబోయె, సిమెంటంతా ఎటుబోయె,
కొత్త మేడ కట్టిందెవరోయ్? చైర్మనోయ్, చైర్మనోయ్!"

మామయ్య నోట చివరికొచ్చేసరికి అది "లలల్లోయ్, లలల్లోయ్" అయింది. జనం పగలబడి నవ్వి, ఖాళీని తామే పూరించి అరిచారు. వీడియో ఊళ్లో ప్రతి ఫోన్లోకీ ఎక్కింది. మేనకోడలికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

"మామయ్యా, పాటంతా ఆ ఒక్క మాట కోసమే కదా! దాన్నే మింగేస్తే ఎలా?"

"వయసే తల్లీ. నోటిదాకా వచ్చి జారిపోయింది."

"ప్రతి పాటలోనూనా?"

"ప్రతి పాటకీ నా వయసు పెరుగుతోంది కదే!"

సోమవారం చైర్మన్ మామయ్యను పిలిపించాడు. మేనకోడలు తల ఎత్తకుండా కంప్యూటరు మీద టైపు చేస్తూనే ఉంది. వేళ్లు ఏ అక్షరాలు కొడుతున్నాయో ఆమెకే తెలియదు.

"ఎవరు రాశారయ్యా ఆ పాట? మా ఆఫీసు గుట్టు బయటివాళ్లకెలా తెలుస్తుంది? ఇక్కడివాళ్లెవరో అని తేలితే ఇవాళే ఉద్యోగం పీకేస్తా!"

"ఏ పాటండీ?"

"మేడ పాట!"

మామయ్య చేతులు కట్టుకుని, శ్రద్ధగా మొదటినుంచీ అందుకున్నాడు. "...కొత్త మేడ కట్టిందెవరోయ్? లలల్లోయ్..."

"లలల్లోయ్ ఏంటయ్యా! అక్కడుండేది నేనే కదా!" అని బల్ల గుద్దాడు చైర్మన్.

తలుపు దగ్గర ప్యూను దగ్గబోయి నవ్వేశాడు. ఫైళ్లు పట్టుకున్నవాళ్లంతా తలలు దించుకున్నారు.

"అయ్యయ్యో! ఆ మేడ తమరిదాండీ? నేనైతే ఎవరి పేరూ ఎత్తలేదండీ. తమరే చెప్పారు."

చైర్మన్ ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. రాసిందెవరని మళ్లీ అడిగితే, మేడ తనదేనని మళ్లీ ఒప్పుకున్నట్టే.

"పో, బయటికి పో!"

మామయ్య గుమ్మం దగ్గర ఆగాడు. "తమరు ఎన్నికల్లో గెలవకముందు ప్యాంటు కుట్టానండీ. నడుం అప్పుడు ముప్ఫైనాలుగు. ఇప్పుడు నలభై దాటినట్టుంది. తీరిక చూసుకుని కొలతలిచ్చి వెళ్లండి."

మేనకోడలి వేళ్లు టక్కున ఆగిపోయాయి. ఎన్నికలకు ముందటి నడుం గుర్తున్న మనిషికి, మొన్నటి మాట గుర్తులేదా?

ఆ సాయంత్రం ఆమె దుకాణం మెట్లెక్కుతుంటే లోపల మిషను చప్పుడు, దాంతోపాటు పాట. "చైర్మనోయ్, చైర్మనోయ్" అని మామయ్య ఒక్కడే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, హాయిగా పాడుకుంటున్నాడు. ఆ మాట మైకులో పలికి ఉంటే కేసు పెట్టి, కూపీ లాగి, తన దాకా వచ్చేవాళ్లే. ఇన్నాళ్లూ ఆయన మతిమరుపు పేరు మోసింది తన కోసమేనని తెలిసి ఆమెకు గుండె నిండిపోయింది.

"మామయ్యా! గుర్తుందన్నమాట!"

పాట ఆగింది. కళ్లు తేలిపోయాయి.

"ఏది తల్లీ?"

"ఆ మాటే!"

"ఏ మాట? లలల్లోయేనా?" అంటూ సూదిలో దారం ఎక్కించాడు మామయ్య. "సర్లే గానీ, వచ్చే శనివారానికి నీళ్లు రాని కుళాయిల మీద ఒకటి రాయి. ఈసారి మాట కాస్త పెద్దది పెట్టు. మర్చిపోవడానికి బాగుంటుంది."