డార్లింగ్ తరువాత ఏమనాలి?

అది 2001. వై టూ కే గండం గడిచి, స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులు పుట్టగొడుగులే సిగ్గుపడేలా మొలుస్తున్న కాలం. నేను పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ సీతాఫల్‌మండిలో ఒక బట్టల కొట్టు పైన ఉండేది. దాని బోర్డు మౌలాలి గుట్ట ఎక్కినవాళ్లకి కూడా కనపడేంత పెద్దది. క్లాసుగది మాత్రం, వెనక బెంచీవాడు ఆవలిస్తే ముందు బెంచీవాడు అందులో పడిపోయేంత చిన్నది. నా భార్య సుశీల పార్వతీపురంలో సర్కారు బడి టీచరు. ఆ ఉద్యోగం వదల్లేక ఆవిడా, ఈ ఉద్యోగం వదల్లేక నేనూ చెరో ఊళ్లో చెరో కుక్కర్ పెట్టుకుని బతుకుతుండేవాళ్లం.

ఆ వేసవిలో లియాంగ్ వచ్చాడు. చైనావాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో యంత్రాలు బిగించే ఇంజనీరు, నలభై ఏళ్ల మనిషి. మిగతా కుర్రాళ్లంతా అమెరికా యాసతో కుస్తీపట్లు పట్టి వెళ్లిపోయాక, ఆయన ఒక్కడే మిగిలి, ముక్కలు ముక్కలు ఇంగ్లీషులో అడిగాడు.

"సార్, నాకు ఒక్క మాట చాలు. భార్యని పిలిచే మాట."

దీన్ని మా వృత్తిలో టర్మ్ ఆఫ్ ఎండియర్‌మెంట్ అంటారు. ముద్దు పిలుపు అన్నమాట.

సంగతేమిటంటే, ఆయనకి ఇక్కడ ఇంకా రెండేళ్ల పని ఉంది. భార్యని తెచ్చుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. నెలాఖరులోగా ఆవిడ సరేననాలి. ఆవిడ అనడం లేదు.

"నీ ఫోను ఆఫీసు రిపోర్టులా ఉంటుంది, అంత దూరం వచ్చి రోజూ రిపోర్టు వినాలా, అంటోంది."

"మీ భాషలో అలాంటి మాట లేదా?"

"ఉంది. పుస్తకంలో బాగుంటుంది, నా నోట్లో బాగుండదు. నేను ఆమెని ఇంటిపేరుతో సహా పిలుస్తాను. మా నాన్న అయితే మా అమ్మని 'పిల్లాడి తల్లీ' అనేవాడు."

మా నాన్నా అంతే. హిమాలయాలకి అటూ ఇటూ మగవాళ్ల నోళ్లకి ఒకే కంపెనీ తాళాలు వేసినట్టుంది.

'డార్లింగ్' ఖాయం చేశాం. ఆ ఒక్క మాట మీద నేను చెప్పిన వ్యాఖ్యానం వింటే మహాపండితులు శాలువాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. భార్యాభర్తలు ఒకరినొకరు అనుకోవచ్చు. పసిపిల్లల్ని అనొచ్చు. ఇంగ్లండులో పెద్దావిడలు కూరగాయలవాణ్ణి కూడా అంటారు, అది వాత్సల్యం. మీరు ఆఫీసులో పక్క సీటావిడని అన్నారంటే మర్నాడు మీకు సీటే ఉండదు. కోపంలో అంటే వెక్కిరింత. ఇంటోనేషన్, అంటే గొంతు లేచి దిగే తీరు, చివర్లో మెల్లగా దిగాలి. ఆ తరువాత రోల్ ప్లే. ఒక విరిగిన కుర్చీని భార్య అనుకుని పిలవమన్నాను. ఆయన పిలిచిన తీరుకి కుర్చీ హడలిపోయి మిగిలిన చెయ్యి కూడా రాల్చేసింది.

అప్పట్లో విదేశాలకి ఐఎస్‌డీ బూత్ నుంచే మాట్లాడాలి. మా వీధిలో అది మల్లేశానిది. లియాంగ్ అద్దాల తలుపు వెనక 'డార్లింగ్' అన్నాడు, తన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడాడు, పెట్టేశాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"డార్లింగ్, ఇక్కడ ఎండ ఎక్కువ, పని సగం అయింది, అన్నాను. 'నీకు జ్వరమా?' అంది."

మల్లేశం నా వైపు వంగాడు. "ఏంది సార్, గీ చీనా సార్ టెలిగ్రాం తార్ కొట్టినట్టే మాట్లాడ్తడు? మా ఇంటిదానితోని గిట్ల మాట్లాడితే నా బూత్ సుత పలగ్గొడ్తది!"

పిలుపు నేర్పాను గానీ వాడుక నేర్పలేదని నాకప్పుడు తట్టింది. "డార్లింగ్ తరువాత పనికొచ్చే మాట రాకూడదండీ. దేనికీ పనికిరాని సంగతి చెప్పండి," అన్నాను.

"పనికిరానివి నాకు కనపడవు," అన్నాడు దీనంగా.

అందుకని సాయంత్రాలు ఆయన్ని వెంటబెట్టుకుని బోయిగూడ సందుల్లో తిరిగాను. నిజానికి నాకూ గదికి వెళ్లి చేసే రాచకార్యమేమీ లేదు. ఒకరోజు ఒక మేక స్కూటర్ సీటెక్కి, రిజిస్ట్రేషన్ తన పేరునే ఉన్నంత ధీమాగా నెమరు వేస్తోంది. స్కూటరాయన చేతులు జోడించి, "దిగు తల్లీ, జెర దిగు, డ్యూటీకి లేటైతున్నది," అంటున్నాడు.

"మేకని ఏమంటున్నాడు?" అన్నాడు లియాంగ్.

"తల్లి అంటున్నాడు. అమ్మవార్నీ అంటాం, కూతుర్నీ అంటాం, మేకనీ అంటాం."

"భార్యని?"

"'ఇదిగో' అంటాం."

ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. నవ్వుతూనే బూత్‌కి నడిచాడు. ఈసారి డార్లింగ్ అన్న మాట ఎక్కడా వినపడలేదు. చేతులతో కొమ్ములు పెట్టాడు, దణ్ణాలు పెట్టాడు. తరువాత చాలాసేపు విన్నాడు.

"మేక ఏ రంగు అని అడిగింది," అన్నాడు బయటికొచ్చి. కళ్లు తుడుచుకుంటున్నాడు. "తన చిన్నప్పుడు వాళ్లింట్లో ఉన్న మేక గురించి చెప్పింది. పెళ్లయి పదిహేనేళ్లు. నేనెప్పుడూ వినలేదు."

నెలాఖరుకి ముందే ఆవిడ సరేనంది.

వచ్చాక నాకు చూపించడానికి తీసుకొచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. మెట్లు దిగేటప్పుడు ఆయన ఆమెని ఇంటిపేరుతో సహా పిలిచాడు, ఆమె పలికింది. ఆయన మళ్లీ క్లాసుకి రాలేదు. మా వృత్తిలో పాఠం ఫలించిందనడానికి అదే గుర్తు, కుర్చీ ఖాళీ అవుతుంది.

తరువాత ఆ సందుల్లో ఒక్కణ్ణే తిరిగాను. ఒక సాయంత్రం బ్యాండు మేళంవాడు అరుగు మీద తన పెద్ద బాకాలో తలపెట్టి నిద్రపోతున్నాడు. గురక పెళ్లిపాటై అటునుంచి బయటికొస్తోంది. నవ్వి, పక్కకి తిరిగాను. పక్కన ఎవరూ లేరు. పనికిరాని సంగతి చూడ్డానికి ఒక మనిషి చాలు, దాన్ని మోయడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాడుక అదొక్కటే.

పార్వతీపురం ఫోన్ కలిపాను.

"ఏటండీ, ఈయేళప్పుడు చేసారు?" అంది సుశీల. "గ్యాస్ వచ్చీసింది. బియ్యం ఉన్నాయి. ఏటైంది?"

"ఏం కాలేదు. ఊరికే చేశాను."

అవతల కుక్కర్ ఒకసారి కూసి ఊరుకుంది.

"ఊరికేనా?" అంది. మళ్లీ తనే, "ఉండండి, స్టవ్ కట్టీసి వస్తాను," అంది.